బొగ్గు డబ్బాలో పెట్రోలు: గద్వాల నుంచి తిమ్మాజిపేట దాకా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు చూడటానికి ఏముందని మా కర్నూలు వాళ్ళు ఊరికే ఎవరూ వెళ్ళరు. చుట్టాలుంటే వెళ్తారు, భూమి తగాదా ఉంటే వెళ్తారు. నేను ఒక మనిషిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ మనిషి ఉద్యోగం నేను రాసిన ఉత్తరం వల్ల పోయింది. ఈ మాట మొదటే చెబుతున్నాను. చివర్లో చెబితే దాచాడంటారు. అనేవాళ్ళెవరో నాకు తెలుసు.

మా ఆవిడ సుశీలకు హైదరాబాదులో క్యాన్సర్ వైద్యం జరుగుతోంది. మూడు వారాలకొకసారి వెళ్ళి సెలైన్‌లో మందు ఎక్కించుకోవాలి. ఆ మందు మొదలైనప్పటి నుంచి ఆమెకు ఏ వాసనా పడదు. మా కారులోనేమో పెట్రోలు వాసన. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు ఆరకుండా వెలుగుతోంది. పోయినసారి అలంపురం చౌరస్తా దాటకముందే ఆమెకు రెండుసార్లు వాంతి అయింది. అంతకు ముందోసారి టాక్సీ మాట్లాడాను. సీటు పాడైందని ఆ డ్రైవరు షాద్‌నగర్ దగ్గర బండి ఆపి, రోడ్డు పక్కన కడగమని ఆమె చేతికే బకెట్టు ఇచ్చాడు. ఆ బకెట్టు నీలం రంగుది. ఆ రోజు నుంచి ఆమె పరాయివాళ్ళ బండి ఎక్కనంది. బస్సు ప్రయాణం డాక్టరు వద్దన్నాడు. అంటే సోమవారం తెల్లారేసరికి మా కారు బాగుపడాలి.

కర్నూలులో కారు కొన్న కంపెనీ వర్క్‌షాపు వాళ్ళు నాలుగుసార్లు విప్పారు. పొగగొట్టంలో ఉండే సెన్సరు మార్చారు, ప్లగ్గులు మార్చారు. లైటు ఆరడం, రెండో రోజు మళ్ళీ వెలగడం. చివరికి సూపర్‌వైజరు, "ఇది ఖాజాకే తెలిసేది సార్. ఇప్పుడతను మా దగ్గర లేడు కదా" అని నా ముఖంలోకి చూశాడు. ఆ చూపు కూడా నేను మరిచిపోలేదు.

ఖాజా సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఇదే లైటు వెలిగితే చూసింది అతనే. చూసి, నలుగురు కస్టమర్ల ముందు, సుశీల కూడా పక్కనుండగా, "దాహం తీరినంక గూడ తాపితే బండైనా కక్కుతది సార్. గన్ను కట్టయినంక పెట్రోలు పొయ్యియ్యకున్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను పెట్రోలు ఎలా పోయించుకోవాలో నాకు ఒకడు చెప్పేదేమిటి? బంకుల్లో మోసాలు తెలిసినవాణ్ణి. సున్నా చూసుకుని మొదలుపెట్టిస్తాను. గన్ను టక్కుమని ఆగినా వదలను. తుంటితో కారును ఊపుతూ, ట్యాంకు గొంతు దగ్గర పెట్రోలు కంటికి కనిపించేదాకా పోయించుకుంటాను. నెల తిరక్కుండా లైటు మళ్ళీ వెలిగింది. ఆ రోజే కంపెనీకి ఉత్తరం రాశాను. పని చేతకాక కస్టమరు మీద నింద వేస్తున్నాడని, నా బండిలోని మంచి పార్టు తీసి పాతది పెట్టాడేమోనని అనుమానంగా ఉందని. నేను అనుమానమని రాశాను. వాళ్ళు దొంగతనమని చదువుకున్నారు.

సుశీలను ఆమె చెల్లెలి దగ్గర దింపి శుక్రవారం పొద్దున బయలుదేరాను.

గద్వాల

ఖాజా గద్వాలలో గది తీసుకున్నాడని విని మొదట అక్కడికి వెళ్ళాను. బస్టాండు ఎదురుగా హోటల్లో ఉగ్గాని, అదే బొరుగుల ఉప్మా, తిన్నాను. మా దగ్గర ఉగ్గానితో మిరపకాయ బజ్జి అడక్కుండానే పెడతారు. ఇక్కడ అడిగాక తెచ్చారు, బిల్లులో విడిగా వేశారు. వడ్డించే అతను "చట్నీ బేకా సార్?" అన్నాడు. కావాలా అని. కన్నడ మాట అక్కడివాళ్ళ నోట తెలుగంత మామూలుగా వస్తుంది. చట్నీ నీళ్ళలా ఉంది. చెప్పాను. "ఊళ్ళె అందరు గిదే తింటున్రు సార్" అన్నాడు. అది జవాబు కాదు.

కోట వెనక సందులో ఖాజా ఉన్న ఇల్లు దొరికింది. ఇంటి యజమాని సవారన్న చీరలు నేసే మనిషి. గద్వాల చీరకు ఒళ్ళు నూలుది, అంచు పట్టుది. రెండూ వేర్వేరు దారాలు కావడంతో అతుకు దగ్గర ఒక్కో పోగునూ చేత్తో మెలేసి కలపాలి. ఆయన ఆ పని ఆపకుండానే నాతో మాట్లాడాడు. తల కూడా ఎత్తలేదు. మా ఊళ్ళో ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళిస్తారు.

"ఖాజానా? పోయి ఏడాదైతుంది."

"ఎక్కడికి?"

"వనపర్తికి. ఆడ స్పేర్ పార్టుల దుకాణం మనెమ్మని ఉంది, ఆమె కాడికి." పోగు మెలేస్తూనే అడిగాడు, "నువ్వేమైతవ్ సారూ ఆయనకు?"

"బండి చూపించాలి."

"మంచోడు. కాని గమ్మునుండే మనిషి. ఏమైందిరా అంటే ఏం లేదన్నా అంటడు. రాత్రంత కూసుంటడు, పొద్దుగాల పనికి పోతడు. కర్నూల ఏదో జరిగింది. నేను అడగలే, ఆయన జెప్పలే."

అప్పుడు లేచి నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చాడు. తాగకుండా వచ్చేస్తే బాగుండదని తాగాను. ఆ రోజు గద్వాలలోనే లాడ్జిలో ఉన్నాను. గదిలో ఫ్యాను స్విచ్చు తలుపు బయట ఉంది. ఎవరైనా ఆపేయవచ్చు. ఎవరో ఆపేశారు కూడా.

పెబ్బేరు

శనివారం బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాను. నదిలో నీళ్ళ కంటే రాళ్ళే ఎక్కువ కనబడ్డాయి. పెబ్బేరు దగ్గర బంకులో అలవాటు ప్రకారం ట్యాంకు నింపించాను. గన్ను ఆగింది. ఇంకా పొయ్యమన్నాను. కారును ఊపడం మొదలుపెట్టాను.

"సార్, ఊపితే ఊరనీకె అది బావి గాదు" అన్నాడు బంకు మనిషి.

ఒక పద్యం విన్నట్టు విని, గొంతు దాకా పోయించాను. ఆ రోజు సంత. రోడ్డుకు రెండు పక్కలా ఎడ్లు, గేదెలు, గొర్రెలు, లారీలు. సరిగ్గా జనం మధ్యకు వెళ్ళాక ఇంజన్ దగ్గింది, వణికింది, ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా పట్టుకోలేదు. కారంతా వాసన. వెనక ఎడ్ల బండివాడు కేకలు.

పక్కనే ఇద్దరు బేరం చేసుకుంటున్నారు. తువ్వాల కింద చేతులు కలిపి వేళ్ళతోనే ధర చెప్పుకుంటున్నారు. పక్కవాడికి కూడా తెలియదు. మా దగ్గర సంతలో బేరమంటే నలుగురికీ వినబడాలి, అప్పుడే తర్వాత కాదనడు. ఇక్కడ మాట లేదు, కాగితం లేదు. వేళ్ళు చెప్పిన మాటను ఎవరూ కాదనరట. నాకు నమ్మబుద్ధి కాలేదు. వాళ్ళలో మధ్యవర్తి ముసలాయన చెయ్యి బయటకు తీసి నా కారు దగ్గరికి వచ్చాడు.

"ఎద్దునైతే పండ్లు జూసి, నాలుగడుగులు నడిపిచ్చి కొంటం. దీన్ని ఏం జూసి కొన్నవ్ సారూ?"

ఆరుగురు నవ్వారు. ఆరుగురి ముఖాలూ ఇప్పటికీ చెప్పగలను.

ఆయన బానెట్ దగ్గర వంగి ముక్కు పెట్టాడు. "ఏం తాపినవ్ పొద్దుగాల? కడుపుబ్బరం జేసినట్టుంది. పచ్చిజొన్నల వడ్డ గొడ్డుకు గిట్లనే ఐతది."

పెట్రోలు ఎక్కువైందన్న మాటే మళ్ళీ! ఖాజా అన్నది, ఈ ఎడ్ల మనిషి అన్నది ఒకటే మాట. ఇద్దరూ కూడబలుక్కునే అవకాశం లేదు. అది తెలిసి కూడా నాకు ముందు కోపమే వచ్చింది. నవ్వినవాళ్ళే కారును పక్కకు తోశారు. అరగంట బానెట్ ఎత్తి పెట్టాక దానంతట అదే స్టార్టయింది. థాంక్స్ చెబితే ముసలాయన, "మాటలెందుకు, నడువు నడువు, గొడ్లకు అడ్డమున్నవ్" అన్నాడు.

వనపర్తి

రాజావారి బంగళాలో పాలిటెక్నిక్ కాలేజీ ఉందని అందరూ చూడమంటారు. నేను గేటు దాకానే చూశాను. నా పని మనెమ్మ దుకాణం దగ్గర. యాభై ఏళ్ళ మనిషి. భర్త పోయాక దుకాణం ఆమే నడుపుతోంది. కౌంటరు వెనక ఫ్యాను బెల్టులు దండల్లా వేలాడుతున్నాయి. చాయ్ తెప్పించింది. మా దగ్గర కంటే చిన్న గ్లాసు, చిక్కటి పాలు, రెండున్నర రూపాయలు. బాగుంది. బాగున్నదాన్ని బాగుందనే చెబుతాను.

"ఖాజానా? ఆరు నెల్లు గీ దుకాణం ముంగటనే పని జేసిండు. చెయ్యి మంచిది సార్. లైటు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో జూసి రోగం జెప్తుండె."

"మరి ఎందుకు వెళ్ళిపోయాడు?"

ఆమె చీర చెంగుతో కౌంటరు తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"కర్నూలు నుంచి సామాను దెచ్చే ఆయన జెప్పిండు. ఈన పార్టులు మారుస్తడని కంపెనీకి చిట్టీ పోయిందంట. నాది స్పేర్ పార్టుల దుకాణం. అసుంటి పేరున్నోన్ని ముంగట ఎట్ల వెట్టుకుంట? పొమ్మని నేననలే. రోజు పొద్దుమూకంగ డబ్బాలు లెక్కవెట్టుడు షురూ జేసిన. ఆయన జూసిండు. నాలుగోనాడు రాలే. నాగర్‌కర్నూల్ల షెడ్డు వెట్టిండని ఇన్న."

"డబ్బాలు తగ్గాయా?"

"ఒక్కటి తక్కువగాలే సార్. గదే కద నా పరేషాన్." నా వైపు వంగింది. "గా చిట్టీ రాసినోడు ఎవడో దొరికితే ఒక్క మాట అడుగుత. నీ కండ్లతోని జూసినవా అని."

నేను చాయ్ తాగుతున్నాను. జీవితంలో ఎవరికీ జవాబు చెప్పకుండా వదిలినవాణ్ణి కాదు. ఆ దుకాణంలో గ్లాసు ఖాళీ అయ్యాక కూడా పెదవుల దగ్గరే పట్టుకున్నాను.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి సుశీలకు ఫోన్ చేశాను.

"దొరికాడా?"

"నాగర్‌కర్నూల్లో ఉన్నాడంట. రేపు పోతా."

"గొడవ పెట్టుకోవద్దు. ఊరికే అడుగు."

"ఏం తిన్నావు?"

"మజ్జిగ" అంది. తర్వాత, "కాకపోతే ఈసారి పోవద్దులే. ఒకసారికి ఏం కాదు" అంది. ఏమవుతుందో డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. బూత్ అద్దంలో మీటరు తిరుగుతోంది.

నాగర్‌కర్నూల్

ఆదివారం కావడంతో ఆఫీసులు మూసి ఉన్నాయి. ఆటోలు మాత్రం తిరుగుతున్నాయి. ఊరి చివర రోడ్డు పక్కన నాలుగు రేకుల షెడ్డు, బోర్డు లేదు. ఒక ఆటో కింద నుంచి రెండు కాళ్ళు కనబడుతున్నాయి. నా కారు శబ్దానికే ఆ కాళ్ళు కదలడం ఆగిపోయింది. ఖాజా బయటకు వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డంలో తెల్ల వెంట్రుకలు.

"నమస్తే సార్." కారులోకి వంగి చూశాడు. "అమ్మ రాలేదా? మంచిగున్నదా?"

నేను చెప్పాలనుకున్న మాటలు వరసగా పెట్టుకుని వచ్చాను. అవేవీ రాలేదు. ఆమె జబ్బు చెప్పాను, వాసన చెప్పాను, సోమవారం చెప్పాను. అతను చేతులు తుడుచుకుని బానెట్ ఎత్తాడు.

స్టీరింగు కింద ఉన్న చిన్న ప్లగ్గులో రెండు పిన్నుల మధ్య వైరు ముక్క పెట్టాడు. పసుపు లైటు ఆగి ఆగి కొట్టుకోవడం మొదలైంది. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. "ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పోతుందంటుంది సార్. కర్నూల సెన్సరు మార్చిన్రు గద? సెన్సరు నిజమే జెప్తుంది. నిజం జెప్పినోన్నే మార్చిన్రు."

ఏ భావమూ లేకుండా అన్నాడు. నాకే తగిలింది.

తర్వాత ఇంజన్ పక్క నుంచి నల్ల డబ్బా ఒకటి విప్పాడు. ట్యాంకులో పుట్టే ఆవిరి గాలిలో కలవకుండా ఈ డబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు ఇంజన్ ఆ ఆవిరిని కొంచెం కొంచెంగా పీల్చుకుంటుంది. ఇది నేను రెండేళ్ళ కిందటే వినాల్సిన పాఠం. ఖాజా డబ్బాను పళ్ళెం మీద ఒంచాడు. సన్నటి ధారగా పెట్రోలు కారింది. ధారతో పాటు బొగ్గు పొడి.

"ఆవిరి ఉండేకాడ పెట్రోలు నిండింది. నిన్న ఏడ పొయ్యిచ్చిన్రు?"

"పెబ్బేరులో."

"గన్ను కట్టయినంక గూడనా?"

నేను పళ్ళెంలోని బొగ్గు పొడి వైపు చూశాను. అతను మళ్ళీ అడగలేదు. ముందే చెప్పాను కదా సార్ అని అతను ఒక్కసారి అంటే నాకు సులువుగా ఉండేది. పట్టుకుని వాదించేవాణ్ణి. అతను అనలేదు.

ట్యాంకులోంచి కొంత పెట్రోలు తీశాడు. డబ్బాలోకి మెల్లగా గాలి కొట్టి, రేకు మీద ఎండలో పెట్టాడు. బొగ్గు పొడి పట్టిన చిన్న వాల్వును కడిగాడు. ఎండేదాకా మూడు గంటలు. పక్క హోటల్ నుంచి జొన్నరొట్టె, పుంటికూర తెప్పించాడు. మా గోంగూరే, ఇక్కడ ఆ పేరు. పప్పులో వేసి వండారు, పులుపు మాకంటే తక్కువ. ఇద్దరం టైర్ల మీద కూర్చుని తిన్నాం. సగం రొట్టె తిన్నాక అన్నాను.

"నేను రాసింది తప్పు ఖాజా. నువ్వు పార్టు మార్చలేదు."

"తెలుసు సార్, మార్చలేదని. నాకు జెప్తె ఏమొస్తది?" నీళ్ళు తాగాడు. "మా అబ్బకు జెప్పున్రి. తిమ్మాజిపేటల ఉంటడు. బస్సు డిపోల ఫిట్టరు జేసి రిటైరైండు. ఒక్క నట్టు ఇంటికి తేలేదు జిందగీల. నా మీద పడ్డ మాట ఇన్నప్పటి సంది నాతోని మాట్లాడుతలేడు, నా ఇంట్ల నీళ్ళు గూడ తాగుతలేడు."

తిమ్మాజిపేట

డబ్బా బిగించి, బ్యాటరీ వైరు తీసి పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేశాడు. లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. బండిని పరీక్షించినట్టూ అవుతుందని ఇద్దరం అదే కారులో బయలుదేరాం. దారి పొడుగునా పత్తి చేలు. కారులో వాసన లేదు. నేను రెండుసార్లు గట్టిగా పీల్చి చూశాను. సుశీల కోసం వచ్చిన పని అయిపోయింది. వెనక్కి తిరిగి కర్నూలు వెళ్ళిపోవచ్చని అనిపించింది కూడా. పక్కన ఖాజా కాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

ఖాజా తండ్రిది చిన్న ఇల్లు, ముందు రేకుల పందిరి. ఖాజా కారు దగ్గరే నిలబడ్డాడు. నేనొక్కణ్ణే లోపలికి వెళ్ళాను. ముసలాయన మంచం మీద కూర్చుని గొడుగు కమ్మి ఒకటి వంచి సరిచేస్తున్నాడు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. చిట్టీ రాసింది నేనేనని, అందులో నిజం లేదని, తప్పు నా చేతిదేనని చెప్పాను. నిలబడే చెప్పాను.

ఆయన గొడుగు పక్కన పెట్టాడు. "కూసో సారూ. నువ్వు జెప్పకముందే నాకెరుక. నా కొడుకు దొంగతనం జెయ్యడు."

"మరి అతనితో మాట్లాడరేమిటి?"

"దొంగ అని ఎవడో రాస్తే, దొంగను గాదని ఈడు రాయొద్దా? ఒక్క కాగితం రాసిండా? ఒక్క ఆఫీసు మెట్టెక్కిండా? డిపోల నన్ను ఒక్కసారి తప్పువట్టిన్రు. పదకొండు నెల్లు తిరిగిన, మాఫీ అడిగిచ్చిన. ఈడు సామాను సర్దుకోని గమ్మునొచ్చిండు. ఊరంత ఏమనుకుంటది? తప్పు జేసినోడే గమ్మునుంటడు అనుకుంటది." గొంతు తగ్గించాడు. "నువ్వు రాసినందుకు గాదు సారూ నా బాధ. వాడు రాయనందుకు."

నేను కూర్చున్నాను. నలభై ఏళ్ళుగా నేను రాసిన ఫిర్యాదులకు నన్ను చూసి అందరూ విసుక్కున్నారు. ఇలాంటి మనిషి నాకు ఎక్కడా దొరకలేదు. దొరికినప్పుడు ఆయన ఎదుట నేను తప్పుడు చిట్టీ రాసినవాణ్ణిగా ఉన్నాను.

బయటకు వచ్చి సంచిలోంచి తెల్ల కాగితం తీశాను. బానెట్ మీద పెట్టి ఖాజా తరఫున ఫిర్యాదు రాశాను. ఎవరి మీద అన్న చోట నా పూర్తి పేరు, చిరునామా. విచారణ లేకుండా తీసేసిన వర్క్‌షాపు మీద ఇంకో పేరా. ఎక్కడ ఏ మాట పడాలో నాకు తెలుసు. ఒక పేజీన్నర వచ్చింది. అంత బాగా నా కోసం కూడా ఎప్పుడూ రాయలేదు. కింద గీత గీసి పెన్ను ఖాజా చేతికిచ్చాను.

అతను మొత్తం చదివాడు. పెన్ను మూత పెట్టాడు.

"వద్దు సార్. కర్నూలుకు పిలుస్తరు, రమ్మంటరు, పొమ్మంటరు. షెడ్డు బందైతది. ఎందుకు లొల్లి?"

"మీ నాయన కోసమన్నా..."

"నాతోని గాదు సార్."

పందిరి కింద నుంచి ముసలాయన గొంతు వచ్చింది. "ఇన్నవా సారూ?"

ఖాజా ఆ వైపు తిరిగి, "అబ్బా, షుగర్ గోలీ ఏసుకున్నవా?" అన్నాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. రాలేదు. అతన్ని నాగర్‌కర్నూల్లో షెడ్డు దగ్గర దింపాను. దిగేటప్పుడు, "అమ్మకు కిటికీ పక్కన మెత్త పెట్టున్రి సార్, మెడ గుంజకుంట" అన్నాడు. మెత్త అంటే దిండు.

కర్నూలు

సోమవారం సుశీల కిటికీ అద్దం పూర్తిగా ఎత్తుకుని కూర్చుంది. నెలల తర్వాత అదే మొదటిసారి. అలంపురం చౌరస్తా దాటింది, కొత్తకోట దాటింది. జడ్చర్ల వచ్చేసరికి నిద్రపోయింది. నేను లైటు వైపు, ఆమె ముఖం వైపు మార్చి మార్చి చూస్తూ నడిపాను. జబ్బు సంగతి మా ఇద్దరికీ తెలిసిందే, ఆమె ముఖంలో అది కనబడుతూనే ఉంది. కాని ఆ రోజు దారిలో బాధపడలేదు.

తిరిగి వచ్చిన రోజు ఆ కాగితం తీసి చూశాను. సంతకం లేని ఫిర్యాదును ఏ ఆఫీసూ ముట్టుకోదు. ఖాజా పేరు ఉన్న చోట కొట్టేసి, ఫిర్యాదుదారు కింద నా పేరు రాసి, నేనే సంతకం పెట్టాను. ఎవరి మీద అన్న చోట నా పేరు అలాగే ఉంది. కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు రసీదు వచ్చింది, జవాబు రాలేదు. గుర్తుచేస్తూ రెండో ఉత్తరం రాశాను. దానికీ రాలేదు. రేపు మూడోది రాస్తాను.